శోకప్రకటనలలో కనిపించని మనిషి

ఢిల్లీ నగరంలో ఉదయం వచ్చే పెద్ద దినపత్రికలలో, హిందీవయినా ఇంగ్లీషువయినా, లోపలి పుటలలో కొంత చోటు మృతులకు కేటాయించి ఉంటుంది. పైన ఛాయాచిత్రం, దాని క్రింద పేరు, ఆ క్రింద ‘అత్యంత దుఃఖంతో తెలియజేస్తున్నాము’ అనే వాక్యం, ఆపైన ఉఠాలా ఎప్పుడు, రస్మ్ పగడీ ఎక్కడ అనే వివరం. మూడవ నాడో నాలుగవ నాడో బంధుమిత్రులు పరామర్శకు కూడడాన్ని ఉఠాలా అంటారు. పెద్దకొడుకు తలకు ఇంటి పెద్దరికపు తలపాగా చుట్టడం పగడీ. చివర ‘శోకాకుల్’ అనే శీర్షిక పెట్టి కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనుమలు, మునిమనుమలు వరుసగా వస్తారు. వ్యాపార కుటుంబమయితే ‘ప్రతిష్ఠాన్’ అని మరొక శీర్షిక ఉంటుంది. దాని క్రింద వారి దుకాణాల పేర్లు, కార్ఖానాల పేర్లు.

ఈ ప్రకటనలను నేను చాలకాలంగా శ్రద్ధతో చదువుతున్నాను. ఇవి మృతులను గూర్చి వ్రాసినవి కావనీ, మిగిలి ఉన్నవారి హోదాను గూర్చి వ్రాసినవనీ నా అభిప్రాయం. సందేహం ఉన్నవారు ఒక పని చేసి చూడవచ్చు. ఒకే పుటలో పక్కపక్కన ఉన్న రెండు ప్రకటనలలోని ఛాయాచిత్రాలను తారుమారు చేసి చదవండి. ఒక్క విశేషణం కూడా మార్చనవసరం ఉండదు. ఇద్దరూ ధర్మపరాయణులే, ఇద్దరూ స్నేహమూర్తులే, ఇద్దరూ మృదుభాషులే. ఢిల్లీ రోడ్ల మీద ఒక్క గంట సేపు తిరిగినవారికెవరికయినా, ఇంతమంది మృదుభాషులు ఈ నగరంలో ఇన్నాళ్లు ఎక్కడ దాగి ఉన్నారా అని ఆశ్చర్యం కలుగక మానదు.

మన తెలుగువారి పద్ధతి ఇంతకంటె మెరుగని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. పెద్దకర్మకు పిలిచే కార్డులో ‘మా తండ్రిగారయిన ఫలానావారు శివైక్యం చెందినందున’ అని మొదలుపెట్టి, తిథి, వారం, భోజనాల వేళ చెప్పి ముగిస్తాము. అశుభం తెలిపే కాగితాన్ని చదివిన వెంటనే చింపివేయడం మన ఇండ్లలో ఆచారం. అది గడప దాటి లోపలికి రాకూడదు. ఆలోచించి చూస్తే, మనలో నూటికి తొంభయిమందిని గూర్చి వారి జీవితకాలంలో అచ్చయ్యే కాగితాలు రెండే: ఒకటి పెండ్లి శుభలేఖ, రెండవది ఈ కార్డు. మొదటిదానిలో ఆ మనిషి ఫలానావారి పుత్రుడో పుత్రికో. రెండవదానిలో ఫలానావారి తండ్రో తల్లో. నడుమ గడిచిన యాభయి అరవయి ఏండ్లకు అచ్చులో చోటు లేదు. పైగా ఆ రెండవ కాగితాన్ని చింపి పారవేస్తాము.

మాటలకు మాత్రం మనకు కరవు లేదు. పరమపదించారు, శివసాయుజ్యం పొందారు, స్వర్గస్థులయినారు, దివంగతులయినారు, కాలధర్మం చెందారు. వైష్ణవునికి ఒకటి, శైవునికి ఒకటి, ఏ సంగతీ తేలనివానికి కాలధర్మం. హిందీవారికి దేహాంత్, నిధన్, స్వర్గవాస్ ఉన్నాయి. ‘చనిపోయినాడు’ అనే మాట ఒక్కటే రెండు భాషలలోనూ అచ్చుకు పనికిరానిదయింది. వీటన్నిటిలో నాకు ఇష్టమయినది ‘కీర్తిశేషులు’. కీర్తి మాత్రమే మిగిలినవాడని దాని అర్థం. చక్కని మాట, గంభీరమయిన మాట. అయితే ఆ మిగిలిన కీర్తి ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పమంటే ప్రకటన నోరు మెదపదు.

నేను వృత్తిచేత అనువాదకురాలిని. హిందీ నుండి తెలుగులోకి, తెలుగు నుండి హిందీలోకి పుస్తకాలు చేస్తూ ఉంటాను. ఢిల్లీలోనూ, నోయిడాలోనూ, గాజియాబాదులోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు ఇంట్లో ఎవరయినా పోయినప్పుడు తెలుగు కార్డును హిందీలోకి మార్చి ఇమ్మని కబురు చేస్తారు. ఇంత సులువయిన అనువాదం మరొకటి లేదని చెప్పగలను. మన ‘పెద్దమ్మ’ ఒక్కతే అయినా హిందీలో తండ్రి వైపుదయితే తాయీ, తల్లి వైపుదయితే మౌసీ; ఆ తేడా ఒక్కటి కనుక్కుంటే చాలు, బుద్ధికి ఇక పని ఉండదు. శివైక్యానికి స్వర్గవాస్, అశ్రునివాళికి అశ్రుపూర్ణ శ్రద్ధాంజలి వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. ఒక మనిషి మాట్లాడిన మాటను అనువదించడం కష్టం. ఆ మాటలో ఒక ఊరు ఉంటుంది, ఒక కోపం ఉంటుంది, ఒక అలవాటు ఉంటుంది. ఎక్కడా చేయి ఆగకుండా భాష మారిపోయిన వాక్యంలో మనిషి లేడనే నేను అనుకొంటాను.

స్త్రీల విషయంలో ఈ అన్యాయం రెండింతలు. పూర్వం మన ఉత్తరాలలోనూ శుభలేఖలలోనూ వితంతువు పేరుకు ముందు ‘గం.భా.స.’ అని వ్రాసేవారు. గంగాభాగీరథీ సమానురాలని దాని విస్తరణ. కన్నెపిల్ల చి.ల.సౌ., భర్త పోయినది గం.భా.స.; మూడక్షరాలలో ఆమె స్థితి ఏమిటో లోకానికి తెలిసిపోయేది. ఆ అక్షరాలు ఇప్పుడు దాదాపు కనిపించవు గాని వాటి వెనుక ఉన్న బుద్ధి పోలేదు. భర్తకంటె ముందు వెళ్లిపోతే ‘పుణ్యస్త్రీ’ అంటాము; హిందీవారు ‘సుహాగిన్’గా వెళ్లిందంటారు. రెండు గొప్ప భాషలు, వేయి సంవత్సరాల సాహిత్యం, చివరకు ఒక స్త్రీ జీవితాన్ని మెచ్చుకొనడానికి దొరికిన ఆధారం ఆమె ఏ తేదీన పోయిందన్నది! భర్త తరువాత పోతే ఆ మాత్రం మెప్పు కూడా లేదు. అప్పుడామె ‘స్వర్గీయ శ్రీ ఫలానావారి ధర్మపత్ని’.

ఇదంతా పత్రికల పుటలకు సంబంధించిన చిన్న సంగతి, దీనికింత ఆవేశం ఎందుకని అడిగేవారికి 2021వ సంవత్సరాన్ని గుర్తుచేయవలసి ఉంటుంది. ఆ ఏప్రిల్, మే నెలలలో ఢిల్లీలో శ్మశానాలు చాలలేదు. సరాయ్ కాలేఖాన్ శ్మశానాన్ని ఆనుకొని ఉన్న పార్కులో కొత్తగా చితివేదికలు కట్టారు. సీమాపురిలో వాహనాలు నిలిపే స్థలంలో దహనాలు చేశారు. వాడవాడలా ఇదే కథ. ఉఠాలా లేదు, పగడీ లేదు, పదమూడవ నాటి భోజనం లేదు. నలుగురు కూడి కూర్చొని పోయినవానిని గూర్చి చెప్పుకొనే అవకాశమే పోయింది. లోకంలో నలుగురు కూడినప్పుడు ప్రకటన నిస్సారంగా ఉన్నా నష్టం తక్కువ. పరామర్శకు వచ్చిన ముసలమ్మ ఎవరో ఒకరు ‘వాడు చిన్నప్పుడు నా చెట్టు జామకాయలన్నీ దొంగిలించాడమ్మా’ అని ఏడుస్తూ చెబుతుంది, మనిషి తిరిగి లేచి వస్తాడు. ఆ రెండు నెలలలో ఆ ముసలమ్మ రాలేదు. అచ్చయిన నాలుగు వాక్యాలే ఎన్నో ఇండ్లలో ఏకైక అంత్యక్రియ అయినాయి. ఆ నాలుగు వాక్యాలూ అచ్చుమూసలో పోసినవే.

ఆ మే నెలలోనే గాజియాబాదులో మా మేనత్త పోయింది. పెండ్లయిన కొత్తలో కేంద్రప్రభుత్వంలో గుమాస్తాగా ఉన్న భర్తతో ఢిల్లీ వచ్చి, చాలకాలం సరోజినీనగర్ క్వార్టర్లలో కాపురం చేసింది. వచ్చేనాటికి ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు. కొడుకు ఒకటవ తరగతి వాచకం ముందు పెట్టుకొని, వాడితోపాటు దేవనాగరి దిద్దుకొంది. ఆ తరువాత ఆ చుట్టుపక్కల ఇండ్లలో పనిచేసే గఢ్వాలీ స్త్రీలు తమ ఊళ్లకు వ్రాయవలసిన ఉత్తరాలన్నీ ఆమెచేతనే వ్రాయించుకొనేవారు. తెలుగు యాస ఉన్న ఆ హిందీ ఉత్తరాలను కొండల్లో ఎవరు ఎట్లా చదువుకొన్నారో గాని, జవాబులు మాత్రం వచ్చేవి. కోపం జాస్తి. పాలబూతు దగ్గర వరుస తప్పినవాడు ఎంత పెద్ద అధికారి అయినా వెనక్కు పంపేది. నేను ఈ మూడు సంగతులూ మూడు వాక్యాలలో వ్రాసి, పైన ఆమె పేరు పెట్టి, ఒక దినపత్రికకు పంపాను. శోకప్రకటనకు తమ వద్ద ఒక నమూనా ఉన్నదనీ, పాలబూతు వంటి మాటలు అందులో ఇమడవనీ ప్రకటనల విభాగంవారు టెలిఫోనులో సెలవిచ్చారు. మరునాడు అచ్చయినదానిలో భర్త పేరు లావు అక్షరాలలో ఉంది. ఆయన పోయి అప్పటికి పదకొండేండ్లు. మా అత్త ‘ధర్మపత్ని’గా, ‘పూజ్య మాతాజీ’గా రెండుసార్లు కనిపించింది, పేరుగా ఒక్కసారి కూడా కనిపించలేదు. మా బావకు ఇందులో ఏమీ లోపం తోచలేదు. ‘అందరికీ వేసినట్టే వేశారు గదా’ అన్నాడు.

అందరికీ వేసినట్టే. నా ఫిర్యాదు ఈ ఒక్క మాట మీదనే.

ఇదే ఢిల్లీలో ఒకప్పుడు మరొక తీరు మృత్యులేఖ అచ్చయింది. ఉర్దూ హాస్యరచయిత అజీమ్ బేగ్ చుగ్తాయీ 1941లో మరణించాడు. చిన్ననాటి నుండి రోగి. ఊపిరితిత్తుల వ్యాధితో జీవితమంతా దగ్గుతూ, దగ్గుతూనే నవ్విస్తూ గడిపినవాడు. ఆయన చెల్లెలు ఇస్మత్ చుగ్తాయీ అన్నను గూర్చి వ్రాసిన వ్యాసం షాహిద్ అహ్మద్ దెహల్వీ నడిపిన ‘సాకీ’ పత్రికలో వెలువడింది. దానికి ఆమె పెట్టిన పేరు ‘దోజఖీ’ - నరకానికి పోయేవాడు! ఇంటిల్లిపాదినీ అతడు ఏ విధంగా వేధించుకొని తిన్నదీ, మాటలతో ఎట్లా రెచ్చగొట్టినదీ, తోబుట్టువులు అతనితో ఎంత విసిగిపోయినదీ ఏదీ దాచలేదు. అతడు బతికి ఉండగా అతని పుస్తకాలను తాను పట్టించుకోలేదన్న సంగతినీ చెప్పింది. నరకంలో కూడా అతడు ఊరకుండడని, అక్కడి భటులను కూడా నవ్విస్తూనే ఉంటాడని ఊహించుకొంది.

చాలమంది నొచ్చుకొన్నారు. సాదత్ హసన్ మంటో సోదరి కూడా వారిలో ఒకరు. చనిపోయిన సొంత అన్ననయినా విడిచిపెట్టలేదే, ఇదేమి ఆడది అని ఆమె అన్నట్లు మంటోనే వ్రాశాడు. నీవు నన్ను గూర్చి ఇట్లాంటి వ్యాసం వ్రాస్తానని మాట ఇస్తే ఈనాడే చావడానికి సిద్ధమని ఆయన బదులు చెప్పాడట. ఆ మంటోయే 1952లో తన మిత్రులను గూర్చిన వ్యాసాలను ‘గంజే ఫరిష్తే’ అనే పేరుతో పుస్తకంగా వేసి, చనిపోయినవాని శీలాన్ని లాండ్రీకి వేసి తెప్పించుకొనే నాగరికతను ఈసడించుకొన్నాడు.

ఇస్మత్ వ్యాసాన్ని నిందగా చదివినవారికి చదవడం రాదని నేను నిస్సంకోచంగా అంటాను. అన్నను మంచివాడని చెప్పడానికి ఆమెకు అరనిమిషం పట్టేది, అందరూ తల ఊపేవారు, అజీమ్ బేగ్ మరింత చచ్చేవాడు. అతని దగ్గు, అతని కొంటెతనం, అతని వితండవాదం ఆమెకు తప్ప అంత దగ్గరగా తెలిసినవారు లేరు. వాటిని విడిచి వేస్తే మిగిలేది ఏ అన్నకయినా సరిపోయే అన్న. తిట్టినట్టు కనిపించే ప్రతి వాక్యంలోనూ ఆమె అతనిని పోనీయకుండా పట్టుకొని గుంజుతున్నది. పోయినవానితో తగవులాడడం ఢిల్లీకి కొత్త కాదు. గాలిబ్‌కు పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదు. భార్య తరపు బంధువయిన జైనుల్ ఆబిదీన్ ఖాన్ ఆరిఫ్‌ను కొడుకుగా చూచుకొన్నాడు. ఆ యువకుడు 1852లో పోయినప్పుడు గాలిబ్ గజల్ రూపంలో చెప్పిన శోకగీతం స్తోత్రం కాదు. ముందు వెళ్లిపోయినందుకు అతనిని నిలదీయడం.

ఆ గాలిబ్ 1869 ఫిబ్రవరి 15న ఢిల్లీలో మరణించగా, పానీపట్టువాడయిన శిష్యుడు అల్తాఫ్ హుసేన్ హాలీ మర్సియా చెప్పాడు. అంతటితో ఊరుకోక, 1897లో ‘యాద్‌గారె గాలిబ్’ వెలువరించాడు. గురువు మద్యపానం అందులో ఉంది. జూదం నేరానికి 1847లో ఆయన జైలుకు పోయిన సంగతి ఉంది. హాలీ ఎంతో నీతిపరుడు, సంస్కర్త. అయినా గురువును గంగలో ముంచి తీయవలెనని ఆయనకు తోచలేదు. ఈ రోజున గాలిబ్ నవ్వు మన చెవిన పడుతున్నదంటే అందులో హాలీ చలవ చాలా ఉంది. అదే హాలీ 1901లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ జీవితం వ్రాసినప్పుడు, సాక్ష్యాధారాలు పేర్చిన పొగడ్త అని షిబ్లీ నూమానీ ఎద్దేవా చేశాడు. పోయినవాడు మరీ పెద్దవాడయితే కలం తనంతట తాను వంగుతుంది కాబోలు.

దుఃఖంలో ఉన్నవాడు ఇవన్నీ వ్రాయగలడా, మూస వాక్యం అతనికి ఊతకర్ర కదా అనే వాదాన్ని నేను తేలికగా తీసివేయను. దహనం ఎన్ని గంటలకు, నిగమ్‌బోధ్ ఘాట్‌లోనా లోదీరోడ్డులోనా అని తెలుపడానికి మూసే మంచిది. చావు కబురు చల్లగా చెప్పకూడదు గదా. కాని ఉఠాలా నాటి ప్రకటనకు, సంవత్సరీకం నాటి ప్రకటనకు ఆ తొందర లేదు. ఏడాది గడిచిన తరువాత కూడా అదే ఛాయాచిత్రం, అవే విశేషణాలు, ‘మీ ఆశయాలే మాకు బాట’ అని ఒక అదనపు వాక్యం. ఆ ఆశయాలేవో ఆ ఇంట్లోనే ఎవరికీ తెలియవు. నిరాలా కన్నకూతురు సరోజ 1935లో పద్దెనిమిదేండ్ల వయసులో పోయింది. ఆయన ‘సరోజ్ స్మృతి’ ఆ సంవత్సరమే చెప్పాడు. తన పేదరికం, తండ్రిగా ఏమీ చేయలేకపోయిన తనం, పత్రికలనుండి తిరిగివచ్చిన తన కవితలు, కట్నం లేకుండా తానే మంత్రాలు చదివి చేసిన పెండ్లి, అన్నీ అందులోకి వచ్చాయి. ప్రేమ్‌చంద్ 1936లో పోతే భార్య శివరానీదేవి ‘ప్రేమ్‌చంద్ ఘర్ మే’ 1944లో వచ్చింది. కొందరికి వెంటనే మాట వస్తుంది, కొందరికి ఎనిమిదేండ్లు పడుతుంది. రెండూ సరే.

మనకు మాత్రం ఈ విద్య తెలియనిదా? విశ్వనాథ భార్య కోసం ‘వరలక్ష్మీ త్రిశతి’ చెప్పాడు. నాయని సుబ్బారావు తల్లి కోసం ‘మాతృగీతాలు’ చెప్పాడు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో అచ్చయినప్పుడు, 1937లోనే పోయిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావు పేర దానిని అంకితం చేశాడు. ఆ మిత్రుని దారిద్ర్యాన్నీ, లోకం అతనిపట్ల చూపిన నిర్లక్ష్యాన్నీ దాచకుండా చెప్పాడు. పద్యంలో మనకు చేతనయినది నాలుగు వాక్యాల వచనంలో చేతకాకుండా పోవడానికి కారణం శక్తిలోపం అని నేను నమ్మను. పద్యానికి కవి ఒక్కడే సంతకం చేస్తాడు. ప్రకటనకు ‘శోకసంతప్త కుటుంబం’ సంతకం చేస్తుంది. కుటుంబానికి పరువు ఉంటుంది. జ్ఞాపకం ఉండేది ఒక్కొక్కరికి విడివిడిగానే.

వారు మహాకవులు, వారి మనుషులూ పేరుగలవారు, మామూలు గృహిణిని గూర్చి చెప్పడానికి ఏముంటుందని మరొకరు అంటారు. ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. మహాదేవీ వర్మ 1943లో అచ్చయిన ‘స్మృతి కీ రేఖాయే’లో మొదటి చిత్రం తన ఇంట్లో వంట చేసి పెట్టిన పల్లెటూరి స్త్రీది. ఆమె మొండితనం, ఆమె చిన్న చిన్న అబద్ధాలు, యజమానురాలి అలవాట్లనే తన దారికి తిప్పుకొన్న ఆమె నేర్పు హిందీ చదివే పిల్లలందరికీ తెలుసు. భక్తిన్ గొప్ప పని ఏదీ చేయలేదు. చూచినవారు శ్రద్ధగా చూచారు, అంతే.

‘చచ్చినవాని కండ్లు చారెడు’ అనే సామెతను మనవాళ్లు ఎగతాళిగా పుట్టించారు. మనం దానిని నియమంగా పాటిస్తున్నాము. ఖర్చు సంగతి ఎత్తేవారికి ఒక్కటే మనవి: పత్రికలు ప్రకటనకు వెల కట్టేది అది ఆక్రమించిన చోటును బట్టి, ఆ చోటులో సగం పైగా తినేది అల్లుళ్ల ఉద్యోగాలు, దుకాణాల పేర్లు. ఇక చేతిఫోనులో ‘ఓం శాంతి’ అని బొటనవేలితో నొక్కి పంపేవారిని గూర్చి ఏమీ అనను. అడిగితే యంత్రమే సంతాపవాక్యం అల్లి ఇచ్చే రోజులు వచ్చాయి. అది బాగానే అల్లుతుంది, ఎందుకంటే మనం ఇన్నాళ్లు వ్రాసినవన్నీ అది అల్లదగినవే.

ఒక్క హద్దు మాత్రం నేను ఒప్పుకొంటాను. పోయినవారి కథలో బతికి ఉన్నవారి రహస్యాలు కూడా చిక్కుకొని ఉంటాయి. ఎవరి అప్పు, ఎవరి రోగం, ఎవరి తప్పిపోయిన పెండ్లి సంబంధం అనేవి చెప్పుకొనే హక్కు వారిదే. తక్కినదానికి భయపడవలసినది ఏదీ లేదు. పెదనాన్న పేకాట ఆడితే ఆడాడని వ్రాయవచ్చు. నాయనమ్మ నలుగురు కోడళ్లనూ నాలుగు విధాల వేధించినా, ఊళ్లో కలరా వచ్చినప్పుడు గడప గడపకూ గంజి మోసిందని రెండూ కలిపి వ్రాయవచ్చు. కోడళ్లు ముందు మొదటి సగానికి తల ఊపి, తరువాత రెండవ సగానికి కన్ను తుడుచుకొంటారు. వ్రాసినవారు క్రింద తమ పేరు ఒక్కటే వేయాలి. తెలుగు చదవలేని మనుమలు ఉన్న ఇంట, ఢిల్లీలో ఇప్పుడు అటువంటి ఇండ్లే ఎక్కువ, హిందీలో కూడా వ్రాసి పెట్టాలి. ఆ అనువాదం కష్టమని నన్ను పిలిస్తే వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు. కార్డును చింపకండి. పోయినది స్త్రీ అయితే అన్నిటికంటె పైన, భర్త పేరుకు పైన, ఆమె పేరు వేయండి. ఇంటిపేరు పుట్టింటిదా అత్తింటిదా అని తగవు వస్తే రెండూ వేయండి.